లిఫ్ట్ చేసిన ట్రక్కులో చక్రం అప్పుడప్పుడు పట్టేస్తుంటే: కారణాన్ని పట్టుకునే పద్ధతి

పోయిన ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం టెక్సస్‌లోని ప్లేనో నుంచి తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రక్కుని ఎవరో వెనక నుంచి తాడు కట్టి లాగుతున్నట్టుంది. పది నిమిషాలు పక్కన ఆపితే మళ్ళీ మామూలైపోతోంది." అతని పికప్‌కి ముందు నాలుగు అంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తుగా నిలబెట్టే కిట్), వెనక స్ప్రింగుల కింద దిమ్మలు, 35 అంగుళాల టైర్లు. అప్పటికే ఒక షాపులో ముందు రెండు కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే పార్టులు), ప్యాడ్లు, డిస్కులు మార్చేశారు. బిల్లు కట్టి ఇంటికొచ్చిన నాలుగో రోజే మళ్ళీ పట్టేసింది. తిరిగి షాపుకి తీసుకెళ్తే అక్కడ చక్రం చక్కగా తిరిగింది. ఏమీ లేదని పంపేశారు.

అప్పుడప్పుడు వచ్చే లోపంతో చిక్కంతా ఇక్కడే ఉంది. బండిని పైకెత్తేసరికి బ్రేకులు చల్లారిపోతాయి, సస్పెన్షన్ కిందికి వేలాడుతుంది, స్టీరింగ్ సూటిగా ఉంటుంది. చక్రం పట్టేసినప్పుడు బండి ఉన్న స్థితి వేరు, మెకానిక్ చూస్తున్న స్థితి వేరు. మామూలు బండిలో ఈ తేడా పెద్దగా బాధించదు. లిఫ్ట్ చేసిన బండిలో మాత్రం హోస్ పైపులు, కేబుళ్లు, యాక్సిళ్లు అన్నీ కంపెనీ అనుకోని కోణాల్లో పనిచేస్తుంటాయి కాబట్టి ఆ తేడాలోనే జవాబు దాగి ఉంటుంది. అందుకే పార్టు కొనే ముందు, పట్టేసిన క్షణాన్ని పట్టుకోవాలి. కింద రాసిందంతా అందుకోసమే.

ముందు ప్రాణం సంగతి

ఘాటుగా కాలిన వాసన వచ్చినా, ఏదో ఒక చక్రం దగ్గర పొగ కనిపించినా ఇంకో రెండు మైళ్లే కదా అని నడపొద్దు. పట్టేసిన బ్రేకు వేడెక్కుతుంది, ఆ వేడి కాలిపర్‌లోని ఫ్లూయిడ్‌కి చేరుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అది 140కి దిగిపోవచ్చు. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ నేలకి అంటుతుంది కానీ బండి ఆగదు. ఒక చక్రం పట్టేయడంతో మొదలైన గొడవ అసలు బ్రేకులే లేని గొడవగా మారేది ఇలాగే.

పక్కకి తీసి ఆపండి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పోయొద్దు, పగుళ్లు వస్తాయి. ఎండుగడ్డి మీద ఆపొద్దు, టెక్సస్ ఎండాకాలంలో అది చాలు నిప్పంటుకోవడానికి.

నిజంగా పట్టేస్తోందా, గేరు బరువా?

ఇది తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు. 275/65 ఆర్ 18 టైరు ఎత్తు సుమారు 32 అంగుళాలు. దాని స్థానంలో 35 వేస్తే చుట్టుకొలత 9 శాతం పెరుగుతుంది. 3.55 యాక్సిల్ గేరు ఇప్పుడు 3.25 లాగా పనిచేస్తుంది. పైగా 35 అంగుళాల ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు ఒక్కోటి 60 పౌండ్లు దాటడం మామూలే. బండి సిగ్నల్ దగ్గర బద్ధకంగా కదులుతుంది, చిన్న ఎత్తు వచ్చినా గేరు కిందికి దిగుతుంది. దీన్నే చాలామంది బ్రేక్ పట్టేస్తోందని అనుకుంటారు. మైలేజీ పడిపోయిందనేది కూడా పూర్తి సాక్ష్యం కాదు. కంప్యూటర్‌లో టైరు సైజు సరిచేయకపోతే మీటరు 100 మైళ్లు చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 109 మైళ్లు వెళ్లి ఉంటారు. లెక్క అక్కడే తప్పుతుంది.

తేడా తెలుసుకోవడం సులువే. గేరు బరువు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పొద్దున ఎంతో సాయంత్రం అంతే. పట్టేయడం వస్తుంది, పోతుంది. ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకుని 30 మైళ్ల వేగంలో న్యూట్రల్‌కి తీసి బండిని దాని మానాన పోనివ్వండి. ఎక్కడ వదిలారో, ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇంజను ఆపొద్దు, ఆపితే బ్రేకుకీ స్టీరింగ్‌కీ సాయం పోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పట్టేసిందని అనిపించినప్పుడు అదే చోట, అదే దిశలో ఇంకోసారి చేయండి. రెండోసారి చాలా ముందే ఆగితే అనుమానం నిజమే. దీనికి ముందు నాలుగు టైర్లలో గాలి చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడు పట్టేస్తోంది?

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టుకుని వారం రోజులు నడపండి. పట్టేసిన ప్రతిసారీ ఆ క్షణంలో బండి ఏం చేస్తోందో నోటితో చెప్పండి. "ఇరవై నిమిషాలైంది, మూడు సిగ్నళ్లు దాటాను, ఇప్పుడు కుడివైపు లాగుతోంది" అంటే చాలు. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. సాయంత్రానికి మనం నమ్మాలనుకున్నదే గుర్తుంటుంది.

బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాక మొదలై, ఆగి చల్లారాక పోతుంటే అది దాదాపుగా బ్రేకుల సంగతే. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, లేదా ఎత్తుపల్లాల్లో సస్పెన్షన్ అణిగినప్పుడు గర్రుమంటూ పట్టి వదిలేస్తే టైరు దేనికో ఒరుసుకుంటోంది. పొడి సిమెంటు మీద, పార్కింగ్ లాట్‌లో ఇరుకుగా తిరుగుతున్నప్పుడు మాత్రమే బండి కుంటినట్టు ఎగిరెగిరి కదిలితే ఫోర్ వీల్ డ్రైవ్ వైపు చూడండి. వెనక చక్రం ఏదైనా గుంతలోకి జారినప్పుడు, జాకీ మీద ఎత్తినప్పుడు పట్టేస్తే హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీద నా మొదటి అనుమానం. వేగంతో పాటు పెరిగే హోరు ఉండి, ఆ హోరు వంపుల్లో మారుతుంటే బేరింగ్.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఒక్క చక్రమా, రెండా, నాలుగా? ఒక్కటే పట్టేస్తుంటే లోపం సాధారణంగా ఆ చక్రం దగ్గరే ఉంటుంది. ముందు రెండూ కలిసి, లేదా నాలుగూ కలిసి పట్టేస్తుంటే పైన, అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టేది), బూస్టర్ (పెడల్‌కి బలం కలిపేది), ఏబీఎస్ యూనిట్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ అవకుండా చూసేది) వైపు వెళ్లాలి.

వేడి కొలవడం

ఇరవై ముప్పై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఈ పనిలో అన్ని పరికరాల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. కానీ వాడటంలో రెండు మెలకువలున్నాయి. డిస్కులో ప్యాడ్ రుద్దుకునే భాగం అద్దంలా మెరుస్తుంది, మెరిసే లోహం మీద ఈ పరికరం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. డిస్కు మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఉండే మసకబారిన భాగం మీద గురిపెట్టండి. రెండోది, దూరం. 12:1 అని రాసి ఉన్న పరికరం అడుగు దూరం నుంచి అంగుళం వెడల్పు వృత్తాన్ని చూస్తుంది. మూడడుగుల దూరం నుంచి పెడితే డిస్కుతో పాటు వీల్‌ని కూడా కలిపి కొలిచేస్తుంది.

పదిహేను ఇరవై మైళ్లు మామూలుగా నడపండి. చివర్లో గట్టిగా బ్రేకు కొట్టొద్దు. వీలైతే కొంచెం ఎత్తుగా ఉన్న చోట బండి వేగం తానే తగ్గేలా చేసి మెల్లగా ఆపండి. దిగిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా మూడు చోట్ల కొలవండి: డిస్కు గిన్నె, హబ్ (వీల్‌ని బిగించే, బేరింగ్ ఉండే భాగం) మధ్యభాగం, టైరు లోపలి భుజం. కాగితం మీద రాసుకోండి.

మెల్లగా నడిపిన బండిలో డిస్కు 120 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నేను పట్టించుకోను. ఎడమకీ కుడికీ 30, 40 డిగ్రీల తేడా కూడా సహజమే, ఎండ ఒకవైపు కొట్టినా వస్తుంది. తేడా వంద దాటితే ఆ చక్రం దోషి. డిస్కు చల్లగా ఉండి హబ్ మధ్యభాగం మాత్రమే కాలుతుంటే బేరింగ్. రెండూ మామూలుగా ఉండి టైరు లోపలి భుజం వేడిగా, నున్నగా కనిపిస్తే ఒరుసుకోవడం.

కుర్రాడి బండి ఆ రోజు ఇలా ఉంది: ముందు ఎడమ 165, ముందు కుడి 390, వెనక రెండూ 130 దగ్గర. కొత్త కాలిపర్, కొత్త ప్యాడ్లు ఉన్న చక్రమే 390.

పైకెత్తడం

లిఫ్ట్ చేసిన ట్రక్కుకి మామూలు జాకీ అందదు. అందలేదని దాని కింద ఇటుకలు, చెక్క ముక్కలు పేర్చడం చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. ఎత్తు సరిపోయే జాకీ, బరువు సరిపోయే స్టాండ్లు తెచ్చుకోండి. గట్టి సిమెంటు నేల, నేల మీద ఉండే చక్రాలకి రెండు వైపులా అడ్డు దిమ్మలు. వెనక చక్రాలు ఎత్తి హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు బండిని ఆపేది ఆ దిమ్మలే. చక్రం పట్టేసి ఉన్నప్పుడే ఎత్తాలి కాబట్టి బయల్దేరే ముందే ఇవన్నీ గ్యారేజీలో సిద్ధంగా పెట్టుకోండి. ఇంటికొచ్చి వెతుక్కుంటే ఆ పది నిమిషాల్లో జబ్బు మాయమవుతుంది.

చక్రాన్ని చేత్తో తిప్పేటప్పుడు ఒక మోసం ఉంది. 35 అంగుళాల టైరు బరువెక్కువ, ఒకసారి ఊపందుకుంటే చిన్నపాటి రాపిడి ఉన్నా తిరుగుతూనే ఉంటుంది. గట్టిగా విసిరి "బానే తిరుగుతోంది" అనుకోవద్దు. ఒక్క చేత్తో, చాలా మెల్లగా, ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడ బిగుతు వస్తోందో అరచేతికి తెలుస్తుంది. తర్వాత అదే పని రెండో వైపు చేసి పోల్చండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో యాక్సిల్ కూడా కలిసి తిరుగుతుంటే కొంత బరువు సహజం, రెండు వైపులా ఒకేలా ఉందా అన్నదే ముఖ్యం. ప్యాడ్ డిస్కుకి తగిలీ తగలనట్టు సన్నగా ఉస్సుమనడం కూడా సహజమే.

అసలు పరీక్ష: ఒత్తిడి ఎక్కడ ఇరుక్కుంది?

చక్రం చేతికి కదలకుండా పట్టేసి ఉందనుకుందాం. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ప్యాడ్లని నొక్కి పట్టింది ఫ్లూయిడ్ ఒత్తిడా, లేక తుప్పూ బిగుతూనా?

కళ్లద్దాలు పెట్టుకోండి. చేతికి గ్లోవ్స్, కింద ఒక గిన్నె, పక్కన తడిగుడ్డ. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింటుని తినేస్తుంది, పడిన చోట వెంటనే నీళ్లతో కడగాలి. పెడల్ మీద ఎవరూ కాలు పెట్టకుండా చూసుకుని, కాలిపర్ మీద ఉన్న బ్లీడర్ నిప్పిల్‌ని (గాలి, ఫ్లూయిడ్ బయటికి వదిలే స్క్రూ) పావు చుట్టు వదులు చేయండి.

ఫ్లూయిడ్ చిర్రున చిమ్మి, ఆ క్షణంలోనే చక్రం వదిలేస్తే అది ఇరుక్కుపోయిన ఒత్తిడి. ఏదో ఒక చోట ఫ్లూయిడ్ వెనక్కి పోలేకపోతోంది. ఒకటి రెండు చుక్కలు కారి చక్రం అలాగే బిగుసుకుని ఉంటే కాలిపర్, పిన్నులు, ప్యాడ్ల దగ్గర తుప్పు. ఈ ఒక్క పరీక్ష సగం పార్టుల్ని జాబితాలోంచి తీసేస్తుంది. దీన్ని చేయకుండా కాలిపర్ మార్చడమంటే లాటరీ టికెట్ కొనడమే.

ఒత్తిడి అని తేలితే ఇంకో మెట్టు పైకి వెళ్లండి. నిప్పిల్ బిగించి, మళ్ళీ నడిపి, మళ్ళీ పట్టేసేలా చేయాలి. ఓపిక కావాలి, కానీ విలువైన ఓపిక. ఈసారి నిప్పిల్‌ని ముట్టుకోకుండా, ఇనుప గొట్టం రబ్బరు హోస్‌లోకి దిగే చోట ఉన్న నట్టుని ఫ్లేర్ నట్ రెంచ్‌తో వదులు చేయండి. మామూలు రెంచ్ పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. అక్కడ వదులు చేయగానే చక్రం వదిలితే ఇరుక్కున్నది హోస్‌కి పైన, అంటే ఏబీఎస్ యూనిట్‌లోనో మాస్టర్ సిలిండర్‌లోనో. అక్కడ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉండి, కింద నిప్పిల్ తెరిస్తేనే వదిలితే ఆ రెండింటి మధ్య ఉన్నది హోస్ ఒక్కటే.

కుర్రాడి బండిలో జరిగింది ఇదే. పై నట్టు వదులు చేస్తే రెండు చుక్కలు కారాయి. చక్రం రాయిలా ఉంది. కింద నిప్పిల్ తిప్పగానే చిర్రుమని ఫ్లూయిడ్ గిన్నెలోకి కొట్టింది, ఆ టైరు మీద చెయ్యి వేసి ఉన్న కుర్రాడు ముందుకి తూలాడు, చక్రం అంత ఉన్నట్టుండి వదిలింది. హోస్ బయటికి కొత్తదానిలా ఉంది. విప్పి కోసి చూశాం. లోపలి రబ్బరు పొర ఒకచోట ఊడి నాలుకలా వేలాడుతోంది. పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఫ్లూయిడ్ ఆ నాలుకని తోసుకుని కాలిపర్‌లోకి వెళ్తుంది. వదిలాక వెనక్కి రావడానికి ఆ బలం ఉండదు, నాలుక దారి మూసేస్తుంది. చల్లారి ఫ్లూయిడ్ మెల్లగా జారేదాకా చక్రం పట్టుకునే ఉంటుంది.

ఆ పొర ఎందుకు ఊడిందో కూడా కనిపించింది. కాలిపర్ మార్చేటప్పుడు ఎవరో హోస్‌ని ఒక చుట్టు మెలితిప్పి బిగించారు. లిఫ్ట్ కిట్‌తో వచ్చిన బ్రాకెట్ బోల్టు వదులై పక్కకి తిరిగింది. స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడల్లా హోస్ బిగుసుకునేది. కాలిపర్ విప్పి హోస్ మీద వేలాడదీసి పనిచేయడం వల్ల కూడా ఇలా అవుతుంది. హోస్‌ని ప్లయర్స్‌తో నొక్కి పరీక్షించమని ఎవరైనా చెబితే వినొద్దు, మంచి హోస్‌నీ అదే పాడుచేస్తుంది.

ఇక పైవైపు తేలినవాళ్లకి. మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లు కొద్దిగా వదులు చేసి సిలిండర్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకి లాగండి. చక్రాలు వదిలితే బూస్టర్ లోపలి కడ్డీ పిస్టన్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు. పెడల్ దగ్గర మందపాటి ఫ్లోర్ మ్యాట్ అడ్డుపడినా, బ్రేక్ లైట్ స్విచ్ సరిగా అమర్చకపోయినా ఇదే జరుగుతుంది. ముందు అవి చూడండి, ఖర్చు లేని పని. అప్పుడే రిజర్వాయర్ మూత కూడా తీసి చూడండి. మూత కింది రబ్బరు ఉబ్బి, ముడతలు పడి ఉంటే ఎవరో పొరపాటున అందులో వేరే నూనె పోశారు. అలాంటప్పుడు రబ్బరు ఉన్న ప్రతి పార్టూ మార్చి లైన్లు కడగక తప్పదు. ఏబీఎస్ యూనిట్ మీద అనుమానం మిగిలితే అది ఇంటి గ్యారేజీలో తేలదు, స్కాన్ టూల్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. మీరు చేసిన పరీక్షల కాగితం వాళ్ల చేతికివ్వండి.

లిఫ్ట్ తెచ్చే ఇబ్బందులు: మూడు స్థితుల్లో చూడండి

ఫ్రేము కింద స్టాండ్లు పెడితే సస్పెన్షన్ పూర్తిగా కిందికి వేలాడుతుంది. ఇది ఒక స్థితి మాత్రమే. లోయర్ కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపే కింది చేయి) కింద జాకీ పెట్టి, బండి మామూలుగా నిలబడే ఎత్తుకి తెచ్చి మళ్ళీ చూడండి. మూడోది స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి. ఈ మూడింటిలోనూ బ్రేక్ హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, మెలిపడకూడదు, టైరుకి తగలకూడదు. హోస్ మీద పొడవునా ఉండే గీత సూటిగా ఉందో లేదో చూస్తే మెలిక వెంటనే తెలుస్తుంది. పక్కనే ఉండే ఏబీఎస్ వైరుకీ ఇదే పరీక్ష.

వెనక వైపు హ్యాండ్ బ్రేక్ కేబుల్ సంగతి చాలామందికి తట్టదు. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి యాక్సిల్‌ని కిందికి జరిపినప్పుడు కేబుల్ పొడవు మాత్రం పాతదే. రోడ్డు మీద సరిపోతుంది. బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌లో ఓల్డ్ ఓర్ రోడ్ లాంటి రాళ్ల దారిలో ఒక వెనక చక్రం గుంతలోకి జారగానే కేబుల్ సాగి, ఎవరూ లీవర్ ముట్టకుండానే హ్యాండ్ బ్రేక్ వేస్తుంది. చక్రం మళ్ళీ పైకి రాగానే వదిలేస్తుంది. పరీక్ష ఇలా: హ్యాండ్ బ్రేక్ వదిలి, ఫ్రేము మీద ఎత్తి, యాక్సిల్ వేలాడుతుండగా కేబుల్‌ని వేలితో నొక్కండి. వీణ తీగలా బిగిసి ఉంటే జాకీతో యాక్సిల్‌ని రెండు మూడు అంగుళాలు పైకెత్తండి. చక్రం అప్పుడు వదిలితే కారణం దొరికింది. కేబుల్ బ్రాకెట్‌ని కిందికి దించే ముక్క లిఫ్ట్ కిట్‌తో రావాల్సింది, చాలాసార్లు అది పెట్టెలోనే మిగిలిపోతుంది. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్‌లో మోటార్ కాలిపర్ మీదే ఉండే బండికి ఈ కేబుల్ ఉండదు. కానీ సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా దాని పిస్టన్‌ని వెనక్కి నెట్టొద్దు, మోటార్ పాడవుతుంది.

తుప్పు అని తేలితే

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి కొన్న బండికి ఇది మామూలు. కాలిపర్ విప్పి, హోస్ మీద వేలాడకుండా వైరుతో కట్టండి. స్లైడ్ పిన్నులు వేళ్లతో లాగితే జారుతూ రావాలి. రెండు పిన్నులూ ఒకేలా ఉండవు. కొన్నింటిలో ఒకదానికి రబ్బరు బుష్ ఉంటుంది, ఏది పైదో ఏది కిందిదో ఫొటో తీసుకోండి. మార్చి పెడితే కొత్త కాలిపర్ కూడా పట్టేస్తుంది. పిన్నులకి సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది, సిలికాన్ గ్రీజైనా ఎక్కువ కూరితే గాలి బయటికి పోలేక పిన్ను వెనక్కి తన్నుతుంది.

ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీల్ క్లిప్పులు తీసి, వాటి కింద చేరిన తుప్పుని వైరు బ్రష్‌తో గీకండి. క్లిప్పు పైకి బాగానే కనిపిస్తుంది, కింద తుప్పు పొర దాన్ని ఉబ్బించి ప్యాడ్‌ని నొక్కేస్తుంది. ప్యాడ్ రెండు వేళ్లతో నెడితే కదలాలి, సుత్తి అవసరమైతే అది సరికాదు. లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది నిండుగా ఉంటే పిన్నులు. ఒకే ప్యాడ్ వాలుగా అరిగితే కూర్చునే చోటు బిగుతు. పిస్టన్ చేతి బిగింపు క్లాంపుకి సాఫీగా వెనక్కి వెళ్లకపోతే, లేదా దాని రబ్బరు తొడుగు చిరిగి తుప్పు కనిపిస్తే, అప్పుడు కాలిపర్ మార్చండి.

టైరు ఒరుసుకుంటుంటే

దీనికి సుద్దముక్క చాలు. ఇన్నర్ ఫెండర్ ప్లాస్టిక్, క్యాబ్ ముందు మూల, అప్పర్ కంట్రోల్ ఆర్మ్, స్వే బార్, ఇలా టైరుకి రెండు వేళ్ల దూరంలో ఉన్న ప్రతిదాని మీదా మందంగా సుద్ద పూయండి. స్టీరింగ్ రెండు చివర్లకీ తిప్పి, స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా ఒకసారి, వెనక్కి నడుపుతూ ఇంకోసారి వెళ్లండి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడే తగులుతోంది. బరువు వేసుకున్నప్పుడు మాత్రమే తగిలే బండ్లున్నాయి, అందుకే ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని చేయడం మంచిది.

వీల్ లోపలి గోడకీ కాలిపర్‌కీ మధ్య ఖాళీ కూడా చూడండి. పెద్ద బ్రేకులున్న బండికి 17 అంగుళాల వీల్ వేస్తే అక్కడ ఖాళీ చాలా సన్నగా మిగలొచ్చు. వీల్‌కి అంటించిన బ్యాలెన్స్ బిళ్లలు తగలొచ్చు, కంకర రాయి ఇరుక్కోవచ్చు. రాయి ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా పట్టి, కీచుమని, రాయి జారిపోగానే వదులుతుంది. వీల్ లోపలి గోడ మీద చుట్టూ కొత్త గీత కనిపిస్తే అదే దాని సాక్ష్యం.

బేరింగ్, యాక్సిల్, ఫోర్ వీల్ డ్రైవ్

టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగో బాల్ జాయింటో. ఎవరినైనా ఊపమని మీరు వెనక నుంచి చూస్తే ఏది కదులుతోందో తెలుస్తుంది. బయటికి తోసుకొచ్చిన వీల్, బరువైన టైరు కలిసి హబ్ బేరింగ్ మీద ఎక్కువ భారం వేస్తాయి కాబట్టి అది తొందరగా అరుగుతుంది. సీవీ యాక్సిల్ (ముందు చక్రాన్ని తిప్పే, వంగే జాయింట్లున్న ఇరుసు) లిఫ్ట్ తర్వాత ఏ కోణంలో ఉందో చూడండి. సస్పెన్షన్ పూర్తిగా వేలాడినప్పుడు చక్రం తిప్పితే గతుకులుగా తగిలి, మామూలు ఎత్తుకి తెస్తే అది పోతే జాయింట్ హద్దు దాటి వంగుతోందన్నమాట. ముందు డిఫరెన్షియల్‌ని కిందికి దించాలి, లేదా లిఫ్ట్ ఎత్తు తగ్గించాలి.

2004 నుంచి వచ్చిన చాలా ఫోర్ వీల్ డ్రైవ్ ఫోర్డ్ ఎఫ్-150లలో ముందు హబ్‌లని విడదీసి ఉంచేది వాక్యూమ్. లైన్ ఎక్కడైనా చిల్లు పడితే ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హబ్ సగం కలిసి గరగరమంటుంది. బ్రేక్ జామ్‌లా అనిపిస్తుంది కానీ డిస్కు వేడెక్కదు. లిఫ్ట్ వేసేటప్పుడు ఆ సన్న గొట్టాలు సాగి ఊడిపోయాయేమో చూడండి.

4 ఆటో మోడ్‌లో (అవసరాన్ని బట్టి ముందు చక్రాలకీ శక్తి పంపే మోడ్) తిరిగే బండికి నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉండాలి. ముందు రెండే కొత్తవి వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే గేరు పెట్టె) ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. 2 హైలో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే మోడ్) పెట్టి నడిపి చూడండి, బరువు పోతే కారణం అదే.

బాగుచేశాక

హోస్ మారిస్తే ఎడమ కుడి జతగా మార్చండి, వాటి వయసు ఒకటే. కొన్న హోస్ మీ లిఫ్ట్ ఎత్తుకి సరిపోయే పొడవుదై ఉండాలి. బిగించాక ఆ మూడు స్థితుల్లో మళ్ళీ చూసి, అప్పుడే బ్లీడ్ చేయండి, అంటే లైన్లలో చేరిన గాలి తీసేయండి. నూనె అంటినా, మితిమీరి కాలి నీలంగా మారినా ప్యాడ్లు, డిస్కు మార్చేయండి. వీల్ నట్లు మాన్యువల్‌లో రాసిన అంకెకి టార్క్ రెంచ్‌తో బిగించి, 50 నుంచి 100 మైళ్ల తర్వాత మళ్ళీ చూడండి.

ఆ తర్వాత మొదట వెళ్లిన దారిలోనే, అదే వేగంతో, అదే థర్మామీటర్‌తో ఇంకోసారి కొలవాలి. కుర్రాడు రెండు హోసులూ మార్చి, బ్రాకెట్ సరిగ్గా బిగించి, తర్వాతి శనివారం అదే దారిలో వెళ్లి ఇంటి ముందు ఆపి ఫోన్ చేశాడు. అటునుంచి అంకెలు చదివాడు: ముందు ఎడమ 158, ముందు కుడి 151.